కూతురి ఎదుట తండ్రి తల వంచవచ్చునా?



కొంతకాలం క్రితం మా సంఘ పెద్దల కూటంలో ఒక చిత్రమైన ప్రశ్న వచ్చింది. సాధారణంగా మేము అక్కడ మాట్లాడుకునేది జమాఖర్చులు, హాలు మరమ్మతు, క్రిస్మస్ ఏర్పాట్లు. ఆ రోజు మాత్రం ఒక పెద్ద లేచి ఇలా అడిగారు: "మన సహోదరుడొకడు కూతురితో కలిసి కరాటే నేర్చుకుంటున్నాడు. పిల్లకు నల్లబెల్టు వచ్చింది, ఆయనకు రాలేదు. ఇప్పుడు రోజూ ఆ పిల్ల ఎదుట నిలబడి వంగి మొక్కుతున్నాడు. కన్నతండ్రి కూతురికి మొక్కడమేమిటి? అయిదవ ఆజ్ఞ తలకిందులైనట్టు కాదా?"

కూటంలో ఉన్నవారందరం తలలూపాము. నేనూ ఊపాను. ఆ సహోదరుడిని పిలిచి మందలించే పని నాకే అప్పగించారు. ఉపాధ్యాయ శిక్షణ పొందినవాడిని గనుక నచ్చజెప్పడం నాకు తెలుసునని వారి నమ్మకం. నేను నచ్చజెప్పడానికి వెళ్ళి, నేర్చుకొని వచ్చాను. ఆ సంగతే మీకు వ్రాస్తున్నాను.

ముందు ఆ కుటుంబం ఉండే చోటు గురించి చెప్పాలి. మనం ఫాక్‌లాండ్ రోడ్డు అని పిలిచే వీధికి ఇప్పుడు పఠ్ఠే బాపూరావ్ మార్గ్ అని పేరు. 1848 నుండి 1853 వరకు బొంబాయి గవర్నరుగా ఉన్న ఫాక్‌లాండ్ ప్రభువు పేరు మాత్రం జనం నోట నిలిచిపోయింది. దాని పక్కనున్న కామాఠీపురాకు మనవాళ్ళ మూలంగానే ఆ పేరు వచ్చింది. నిజాం రాజ్యపు తెలుగు జిల్లాలనుండి ఇళ్ళు కట్టే పనికీ రోడ్లు వేసే పనికీ వచ్చిన కామాఠీలు అక్కడ కాపురాలు పెట్టారు. ఈ పట్టణాన్ని కట్టిన చేతుల్లో వారివీ ఉన్నాయి. మరాఠీలో కామాఠీ అనే మాటకే కూలిపనివాడు అనే అర్థం పడిపోయింది. కాని లోకానికి ఆ గల్లీలు తెలిసింది వేరే వ్యాపారం వలన. అందుచేత మన చాల్‌లలో పెరిగిన పిల్లలు బడిలో అడ్రసు అడిగితే "గ్రాంట్ రోడ్ స్టేషన్ దగ్గర" అని చెప్పి ఊరుకోవడం నేర్చుకున్నారు.

2016లో ఆ సహోదరుడి కూతురికి పదకొండేళ్ళు. ఒక సాయంకాలం ట్యూషన్ నుండి వస్తూంటే, తాగి ఉన్న మనిషి ఒకడు చేయి పట్టుకొని అడగరాని మాట అడిగాడు. ఎలాగో విడిపించుకొని ఖోలీకి వచ్చి, రెండు రోజులు ఎవరితోను మాట్లాడలేదు. తండ్రి ముందు రెండు దారులు కనబడ్డాయి. ట్యూషన్ మాన్పించడం ఒకటి, పాలమూరు జిల్లాలో నాయనమ్మ దగ్గరికి పంపడం రెండోది. రెండింటిలోను తప్పు చేసినవాడు వీధిలో తిరుగుతాడు, తప్పు చేయని పిల్ల దాక్కుంటుంది. అది ఆయనకు మింగుడుపడలేదు. దగ్గరలో ఒక హాలులో కరాటే చెబుతారని విని తీసుకొని వెళ్ళాడు. పిల్ల గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "నువ్వు కూడా నేర్చుకుంటేనే లోపలికి వస్తా నాయినా" అంది. నాలుగు రోజులయితే భయం పోతుంది, తర్వాత తాను మానేయవచ్చునని అనుకొని, నలభై మూడేళ్ళ వయసులో ఆయన తెల్లబెల్టు కట్టుకున్నాడు.

ఆ నాలుగు రోజులు ఏడేళ్ళయ్యాయి. పగలంతా పనిలో నిలబడి వచ్చి, సాయంకాలం చిన్నపిల్లల వరుసలో నిలబడ్డాడు. 2020లో కరోనా వచ్చి హాలు మూసినప్పుడు చాల్ మిద్దెమీద ఇద్దరూ సాధన చేశారు. 2022లో ఇద్దరూ నల్లబెల్టు పరీక్షకు కూర్చున్నారు. పిల్ల నెగ్గింది. తండ్రికి మోకాలు సహకరించలేదు, కాతా మధ్యలో వరుస కూడా తప్పాడు. కాతా అంటే ఎదుట మనిషి లేకుండానే దెబ్బ, అడ్డు, అడుగు ఒక క్రమంలో చేసి చూపే పాఠం. ఇంటికి వచ్చాక పిల్ల, "నువ్వు పాసయ్యే వరకు నేను ఈ బెల్టు కట్టుకోను, పెట్టెలో పెడతా" అంది. తండ్రి, "బిడ్డా, నువ్వు కట్టుకోకపోతే నేనెవరిని చూసి నేర్చుకోవాలె?" అన్నాడు.

మరునాటి నుండి ఆమె పై వరుసలోను, ఆయన కింది వరుసలోను నిలిచారు. ఆయన చేసిన నమస్కారమే మా కూటం దాకా వచ్చింది.

నేను ఆయన ముందు మూడు అభ్యంతరాలు పెట్టాను. మీలో కొందరికీ అవే తోచవచ్చు గనుక ఒక్కొక్కటే ఆలోచిద్దాం.

మొదటిది, కొట్లాట విద్య క్రైస్తవులకెందుకు? కొండమీది ప్రసంగంలో ప్రభువు రెండవ చెంప కూడ చూపమన్నాడు గదా. నిజమే. అయితే ఆ మాట నా చెంపను గూర్చినది. నా చెంప చూపడానికి నాకు అధికారముంది. నా బిడ్డ చెంప చూపడానికి నాకెవరు అధికారమిచ్చారు? పదకొండేళ్ళ పిల్లతో ఓర్చుకోమని చెప్పి, దానికి వాక్యం తోడు తెచ్చుకునే తండ్రి తన పిరికితనానికి ప్రభువు పేరు పెడుతున్నాడు. యోహాను సువార్త పద్దెనిమిదవ అధ్యాయంలో బంట్రౌతు చెంపమీద కొట్టినప్పుడు ప్రభువు తిరిగి కొట్టలేదు, కాని ఎందుకు కొట్టావని నిలదీశాడు. దెబ్బ న్యాయమని ఒప్పుకోలేదు. అదే రాత్రి పేతురు కత్తి దూసి దాసుని చెవి నరికితే, దానిని స్వస్థపరిచాడు. కాబట్టి తిరిగి కొట్టకపోవడమూ అన్యాయాన్ని ఒప్పుకోవడమూ ఒకటి కాదు.

కరాటేను 1922లో ఒకినావా దీవి నుండి టోక్యోకు తెచ్చి ప్రచారం చేసిన గిచిన్ ఫునకోషి వృత్తిరీత్యా బడిపంతులు. కరాటేలో మొదటి దెబ్బ మనది కాకూడదన్నది ఆయన తన శిష్యులకు పెట్టిన నియమాల్లో ఒకటి. ఇక దేహ సాధన విషయానికి వస్తే, అపొస్తలుడైన పౌలు తిమోతికి వ్రాస్తూ దానివలన లాభం కొద్దిపాటిదన్నాడేగాని బొత్తిగా లేదనలేదు. బాస్కెట్‌బాల్ ఆట 1891లో అమెరికాలో వై.ఎం.సి.ఎ. వారి శిక్షణ పాఠశాలలో పుట్టింది. 1920లో మద్రాసులో వ్యాయామోపాధ్యాయుల కళాశాల స్థాపించిన హ్యారీ క్రో బక్ దొర కూడా వై.ఎం.సి.ఎ. మనిషే. మన కామాఠీపురా పక్కనే నాగ్‌పాడా నేబర్‌హుడ్ హౌస్‌ను అమెరికన్ మరాఠీ మిషన్ వారు నడిపారు. 1936లో టాటా వారి సంఘసేవా విద్యాలయం ఆరంభమైంది అక్కడే. మిషనరీలు మన శరీరాలను మరచి ఆత్మలను మాత్రమే చూసినవారు కారు.

రెండవది, వంగి నమస్కరించడం విగ్రహారాధన కాదా? అబ్రాహాము శారాను పాతిపెట్టే స్థలం కోసం హేతు కుమారుల ఎదుట వంగాడు. యాకోబు తన అన్న ఏశావు ఎదుట ఏడుమార్లు సాగిలపడ్డాడు. వారిని ఎవరూ విగ్రహారాధికులనలేదు. అయితే షద్రకు, మేషాకు, అబేద్నెగో బంగారు ప్రతిమ ఎదుట వంగలేదు. నడుము రెండు చోట్లా ఒకేలా వంగుతుంది. ఎవరికి, ఎందుకు అన్న దానిలోనే భేదముంది. కొన్ని కరాటే శాలల్లో గోడకు గురువు పటం పెట్టి దానికి నమస్కరింపజేస్తారు. ఈ సహోదరుడు మొదటి వారంలోనే, మనుష్యులకు వంగుతాను, పటానికి వంగనని మర్యాదగా చెప్పాడు. నేర్పేవారు సరేనన్నారు. ఆ సంగతి మా కూటంలో ఎవరికీ తెలియదు, ఎవరమూ అడగలేదు కూడా.

మూడవది అసలు ప్రశ్న. తండ్రి కూతురికంటే కింద నిలబడవచ్చునా?

ఇక్కడ నల్లబెల్టు చరిత్ర కొంచెం తెలుసుకుంటే మంచిది. దానిని మొదట వాడుకలోకి తెచ్చింది కరాటేవారు కాదు, జూడో స్థాపకుడు జిగొరో కానో. ఆయన 1882లో టోక్యోలో తన శాల తెరిచాడు. మరుసటి ఏడు ఇద్దరు శిష్యులకు మొదటి దాన్ అనే అంతస్తు ఇచ్చాడు. ఆ అంతస్తువారు నల్ల పట్టీ కట్టుకునే ఆచారం కొద్దికాలానికే వచ్చింది. ఫునకోషి దానిని చూసి 1924లో తన కరాటే శిష్యులకూ ఇచ్చాడు. ఈ కానో రెండు దశాబ్దాలకు పైగా టోక్యోలో ఉపాధ్యాయ శిక్షణ కళాశాలకు ప్రిన్సిపాలు. అది చదివినప్పుడు నాకు మా వాడే అనిపించింది! తాను నేర్చుకున్నదీ ఎదుటివాడు నేర్చుకున్నదీ ఇద్దరికీ మేలు కావాలన్నది ఆయన బోధ. మొదటి నల్లబెల్టు అంతస్తుకు జపాను భాషలో షోదాన్ అని పేరు. ఆరంభపు మెట్టు అని దాని భావం. మనం శిఖరమనుకునేదాన్ని వారు గుమ్మం అంటారు. కాబట్టి నల్లబెల్టు కట్టిన కూతురు పైకెక్కి కూర్చోలేదు. తండ్రికంటే ఏడాది ముందుగా గుమ్మం దాటింది, అంతే.

అయితే మీరనవచ్చు: జపాను వారి సంగతి సరే, వాక్యమేమంటుంది? అయిదవ ఆజ్ఞ తల్లిదండ్రులను సన్మానించమని బిడ్డలకు చెబుతుంది. తండ్రికి బిడ్డకంటే ఎక్కువ తెలిసి ఉంటుందని మాత్రం ఎక్కడా చెప్పదు. సన్మానం తెలివికిచ్చే బహుమతి అయితే, ముసలితనంలో మతిమరుపు వచ్చిన తండ్రికి సన్మానమే ఉండకూడదు. సరిగ్గా అప్పుడే అది ఎక్కువ కావాలి. ప్రభువు పన్నెండేళ్ళ వయసులో దేవాలయంలో బోధకుల మధ్య కూర్చుని వారిని ఆశ్చర్యపరిచాడు. ఆ తరువాత నజరేతుకు వెళ్ళి తల్లిదండ్రులకు లోబడి ఉన్నాడు. ఎక్కువ తెలిసినవాడు తక్కువ తెలిసినవారికి లోబడ్డాడు. తెలివికి ఒక వరుస, సన్మానానికి ఒక వరుస. వాటిని కలిపేసి తికమక పడుతున్నది మనమే.

ఏలీ సంగతి చూడండి. ఆయన యాజకుడు, వృద్ధుడు. సమూయేలు పిల్లవాడు. దేవుని మాట వృద్ధుని విడిచి పిల్లవానికి వచ్చింది. ఏలీ కోపగించుకోలేదు. దాచకుండా చెప్పమన్నాడు, తన ఇంటికి వ్యతిరేకమైన ఆ మాటను ఆ పిల్లవాని నోటనే విని తల వంచాడు. తన కుమారులను దిద్దలేకపోయిన ఏలీని మనం తప్పుపడతాం, పట్టవలసిందే. కాని ఆ ఉదయం అతడు చేసిన పని ఎంతమంది పెద్దలు చేయగలరు?

ఇంతకంటే దగ్గరి దృష్టాంతం మన సంఘంలోనే ఉంది. మనం బాప్తిస్టులం. శిశువులకు బాప్తిస్మమివ్వం. తండ్రి విశ్వాసం బిడ్డకు చెల్లదు, ఎవరి నోట వారే ఒప్పుకోవాలి. 1878 జూలై 3న ఒంగోలు ప్రాంతంలో వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏటిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారని మన పిల్లలకు గర్వంగా చెబుతాం. ఆ లెక్కలో ప్రతి ఒకటీ ఒక మనిషి సొంత ఒప్పుకోలు. మరి మన ముంబై సంఘాల్లో జరుగుతున్నదేమిటి? సండేస్కూలుకు వచ్చిన పిల్ల పదిహేనో ఏట బాప్తిస్మం తీసుకుంటుంది. తాగుడు మానలేక వెనుకాడే తండ్రి నలభై అయిదో ఏటికిగాని రాడు. ఆ మధ్య సంవత్సరాల్లో ప్రభురాత్రి భోజనపు పళ్ళెం వచ్చినప్పుడు పిల్ల రొట్టె తీసుకుంటుంది, తండ్రి పళ్ళెం పక్కవారికి అందించి ఊరుకుంటాడు. అది చూసి అయిదవ ఆజ్ఞ తలకిందులైందని ఏ పెద్ద అయినా ఎన్నడైనా అన్నాడా? ఆ తండ్రి కోసం ప్రార్థిస్తాం, ఆ పిల్లను మెచ్చుకుంటాం. అంత గొప్ప విషయంలో బిడ్డ ముందు నడవడాన్ని ఒప్పుకున్న మనకు, ఒక హాలులో ఒక నమస్కారం ఎందుకు కంటకమైంది?

ఈ ప్రశ్న ఆ సహోదరుడు నన్నడగలేదు. ఆయన టీ తెప్పించి, "సార్, నాకు మొక్కుడు బరువనిపియ్యలే. ఇంటికొచ్చినంక అది నాకు అన్నం పెట్టి నేను తిన్నాకే తింటది" అన్నాడంతే. మిగతాది తిరిగివస్తూ దారిలో నన్ను నేనే అడుక్కున్నాను.

ఇక్కడ నా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. నేను ఈ పట్టణానికి వచ్చిన కొత్తలో నా మరాఠీ బొత్తిగా వచ్చీరానిది. నా కొడుకు బడిలో చక్కగా నేర్చుకున్నాడు. ఒకసారి రేషను దుకాణం దగ్గర పదిమంది ఎదుట నా తప్పు దిద్దాడు. నవ్వి నేర్చుకోవలసిన చోట నేను కసిరాను. "నాకు నేర్పేంతవాడివయ్యావా?" అన్నాను. వాడు మళ్ళీ ఎన్నడూ నా తప్పు దిద్దలేదు. ఆ రోజు నా గౌరవం నిలిచిందనుకున్నాను. నేటికీ నా మరాఠీలో ఆ తప్పులున్నాయి, వాడు పండుగలకు ఫోను చేసి క్షేమసమాచారాలు మాత్రం అడుగుతాడు. శిక్షణ కళాశాలలో పాఠం చెప్పడమెలాగో నాకు నేర్పారు. బిడ్డ దగ్గర పాఠం నేర్చుకోవడం మాత్రం ఏ కళాశాలా నేర్పలేదు.

ఇలా అన్నంత మాత్రాన అందరూ కరాటేకు పరుగెత్తాలని కాదు. హెచ్చరికలూ ఉన్నాయి. రుసుము కట్టినవారికెల్లా త్వరత్వరగా బెల్టులిచ్చే చోట్లున్నాయి. కష్టపడకుండా వచ్చిన బెల్టు నడుముకు గుడ్డ మాత్రమే. తాను చిన్నప్పుడు నెరవేర్చుకోలేని కోరికను పిల్లల మీద రుద్ది, పక్కన నిలబడి అరిచే తండ్రులూ ఉన్నారు. వారు కలిసి నేర్చుకోవడం లేదు, తోలుతున్నారు. పరీక్ష ఆదివారం ఆరాధన సమయంలో పడితే ఏది వదులుకోవాలో ముందే తేల్చుకోవాలి.

అన్నిటికంటే పెద్ద హెచ్చరిక మరొకటి. మన పిల్లలకు బలమివ్వడం మంచిదే. ఆ బలం ఎవరిమీద చిన్నచూపుగా మారుతుంది? ఆ వీధి తలుపుల వెనుక ఉన్న స్త్రీలలో మన భాష మాట్లాడేవారున్నారు. మన ప్రాంతాల్లో ఆడపిల్లలను జోగినులుగా వదిలే దురాచారాన్ని నిషేధిస్తూ 1988లో ఆంధ్రప్రదేశ్‌లో చట్టం వచ్చింది. అలా వదిలిన బిడ్డలు కొందరు ఈ దారిన పడ్డారు. అదే 1988లో ప్రేరణ అనే సంస్థ కామాఠీపురాలో ఆ తల్లుల పిల్లలకు రాత్రివేళ ఆశ్రయం తెరిచింది. మన సహోదరుడి కరాటే తరగతికి కూడా అలాంటి పిల్లలు ఇద్దరు వస్తారట. ఆ సంగతి తెలిసి మన సంఘంలో రెండు కుటుంబాలు తమ పిల్లలను మాన్పించాయి. కరాటే వరుసలో ఎవరి బిడ్డవని అడగరు, ఎంత సాధన చేశావని చూస్తారు. ఆ లెక్కన పెద్దల బిడ్డ వెనుక వరుసలోను, ఆ తల్లి బిడ్డ ముందు వరుసలోను నిలబడవచ్చు. తండ్రి కూతురికి వంగితే మనకు కలిగిన కోపం, మన బిడ్డ ఆ బిడ్డకు వంగవలసి వస్తుందనే భయం ఒకే వేరునుండి పుట్టాయని నాకు అనుమానం. ప్రభువు బల్ల దగ్గర లేని వరుసలు మన మనసుల్లో ఇంకా ఉన్నాయి.

2023 చివర ఆ సహోదరుడు రెండవసారి పరీక్షకు వెళ్ళి నెగ్గాడు. పెద్దల కూటంలో నేను లేచి, మందలించవలసినది ఆయనను కాదని చెప్పాను. ఒకరిద్దరు ఇంకా ఒప్పుకోలేదు. వారితో నాకు విరోధం లేదు, వారి ప్రశ్న లేకపోతే నేను ఇంత ఆలోచించేవాడిని కాను.

తల్లిదండ్రులకు నాదొక మనవి. మన పిల్లల్లో ఎక్కువమందికి తెలుగు బైబిలు చదవడం రాదు. మనలో చాలామందికి వారు చదివే ఇంగ్లీషు, మరాఠీ రావు. వారానికి ఒక సాయంకాలం బల్ల మీద రెండు బైబిళ్ళు పెట్టుకొని కూర్చోండి. ఒక వచనం మీరు వారికి తెలుగులో నేర్పండి, ఒక వచనం వారు మీకు తమ భాషలో నేర్పనివ్వండి. తప్పు పలికితే దిద్దనివ్వండి. కోపం వస్తుంది, నాకు తెలుసు. ఆ కోపం వచ్చినప్పుడు, నలభై మూడేళ్ళ వయసులో తెల్లబెల్టు కట్టుకొని చిన్నపిల్లల వరుస చివర నిలబడిన ఆ తండ్రిని జ్ఞాపకం చేసుకోండి.

నేను కూడా మొదలుపెట్టాను. పోయిన క్రిస్మస్‌కు కొడుకు ఫోను చేసినప్పుడు మరాఠీలో మాట్లాడాను. వాడు కాసేపు మౌనంగా ఉండి, "నాన్నా, ఆ మాట అలా కాదు" అన్నాడు. దేవునికి స్తోత్రం.